విష్ణుచిత్తుని వంటయిల్లు : ఆముక్తమాల్యదలో నిత్యజీవితపు చిన్న సుఖములు

ఆంధ్రదేశము వెలుపల నివసించు తెలుగువారు సభ చేసినచో శ్రీకృష్ణదేవరాయల పేరు వినబడక మానదు. వినబడునప్పుడు సామాన్యముగ రెండు సంగతులే వినబడును. ఒకటి భువనవిజయ సభ. రెండవది తెలుగుభాషను మెచ్చుచు ఆయన కావ్యావతారికయందు చెప్పిన పద్యము. ఆ పద్యము మా పిల్లలందరకును కంఠస్థమే. కాని ఆ పద్యము వెనుక ఆరాశ్వాసముల మహాకావ్య మొకటి యున్నదనియు, అందు అన్నము, కూరలు, పొయ్యి, పొగ, తడిసిన కట్టెలు, పెరుగు, నీరుమజ్జిగ యున్నవనియు ఎరిగినవారు కొలదిమంది. పండితులు ఆముక్తమాల్యదను రాజనీతికొరకు చదివిరి, విశిష్టాద్వైతముకొరకు చదివిరి, కఠినపాకమునకు ఉదాహరణముగ చూపిరి. ఇవన్నియు న్యాయమే. అయినను ఈ కావ్యమున నన్ను మరల మరల పిలుచునవి వేరు. ధనముతో పనిలేక, దినదినమును ఇంటిలో దొరకు సుఖములను ఒక చక్రవర్తి ఇంత నిదానముగ చూచిన కావ్యము మన ప్రబంధములలో మరియొకటి నాకు కనబడలేదు.

కావ్యము పుట్టుక అందరెరిగినదే. 1509 నుండి 1529 వరకు విజయనగరమును పాలించిన రాయలు కళింగ దండయాత్రలో కృష్ణాతీరమున శ్రీకాకుళమందు హరివాసరమున ఉపవసించియుండ, ఆంధ్రమహావిష్ణువు కలలో కనబడి తన కథను తెలుగున చెప్పుమనెను. కావ్యమును తిరువేంకటనాథునికి అంకిత మిమ్మనెను. కథ జరిగిన తావు పాండ్యదేశమందలి శ్రీవిల్లిపుత్తూరు. అనగా కర్ణాటక సింహాసనము మీది రాజు, కృష్ణయొడ్డున కలగని, తమిళదేశపు కన్యకథను తెలుగున వ్రాసెను. మనబోటి వారి కావ్యమిది యని చెప్పుకొనుటకు ఇంతకంటె ఏమి కావలెను?

ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని ఆతిథ్యవర్ణన మున్నది. ఆయన ఇంటికి విష్ణుభక్తులైన బాటసారులు వేళయనక వచ్చుచుందురు. వారికి వానకాలమున ఏమి పెట్టిరి, వేసవిలో ఏమి పెట్టిరి, చలికాలమున ఏమి పెట్టిరి యని రాయలు మూడు పద్యములు చెప్పెను. కావ్యములందు విందుల వర్ణనలు కొత్తవి కావు. పెండ్లివిందులలో పిండివంటల పట్టికలను మన కవులు దండిగనే చేర్చిరి. ఆ పట్టికలకును ఈ మూడు పద్యములకును గల భేదము విచారింపదగినది.

వానకాలపు భోజనమును చూడుడు. ఆకాశము నీటిబుగ్గవలె ఎడతెగక కురియుచున్నది. ఇల్లాలు కొబ్బరి బొరియలను పొయ్యిలో పెట్టి వండుచున్నది. ఏలయన, వానలో తడిసిన కట్టెలు పొగచిమ్మును. బొరియలైనచో ఆ పొగ కన్నులకు సోకదు. మేలైన వరియన్నము, పొట్టు వొలిచిన పప్పు, నాలుగైదు పోపుకూరలు, వడియములు, వరుగులు, పెరుగు, సమృద్ధిగ నెయ్యి. ఇదంతయు కలిసినను రాజభోగము కాదు. సంపన్న గృహస్థుని భోజనమైనను కాదు. వానలో నడచివచ్చినవానికి ఏవి హితవో అవి మాత్రమే యున్నవి. కవి వంటకములకంటె ముందు వంటచెరకును చెప్పెను. వంటచెరకుతోపాటు వండునామె కన్నులను చెప్పెను. ఇతర కవులు విస్తరి దగ్గర మొదలిడుదురు. రాయలు పొయ్యి దగ్గర మొదలిడెను.

వేసవి వచ్చెను. అతిథికి మొదట చందనము పూయుదురు. అన్నము వేడిగ నుండదు, నులివెచ్చగ నుండును. తియ్యని చారులు, తిమ్మనములు, పలుచని అంబలి, చెరకురసము, ఎడనీళ్లు, పండ్లు, పరిమళముగల చల్లనినీరు, వడపిందెలు, నీరుచల్ల. ఇందలి పదార్థములలో ద్రవములే ఎక్కువ. అన్నముకూడ తన వేడిని తగ్గించుకొని వానితో చేరినది. ఇచటి మాటలను మనవారు చెవియొగ్గి వినవలెను. ఎడనీళ్లు అను మాటకు కన్నడమున ఎళనీరు, తమిళమున ఇళనీర్ తోబుట్టువులు. వడపిందె లనగనే తమిళుల యిండ్లలో జాడీలందు ఊరు మావడు గుర్తునకు వచ్చును. కోస్తాలోని నేటి పాఠకునకు నిఘంటువు కావలసిన ఈ మాటలు బెంగుళూరులోనో మధురలోనో పెరిగిన తెలుగు పిల్లవానికి సగము తెలిసినవే. ఆ సగమును మనము వాడుకొనుట లేదు.

చలికాలమునకు అంతయు తలక్రిందగును. పునుగు వాసన గల క్రొత్తబియ్యపుటన్నము, మిరియపుపొడి చల్లిన ఆరని కూరలు, ముక్కుకెక్కు ఆవపచ్చళ్లు, పాయసము, ఊరగాయలు, చేయి చుఱ్ఱుమను నెయ్యి, కాగిన పాలు. ఈ పద్యమున వేడియే ప్రధానరసము. ఆవఘాటు ముక్కునకు, నేతివేడి చేతికి, మిరియపుకారము నాలుకకు. అతిథి దేహమందు చలి ఎచ్చటెచ్చట నున్నదో అచ్చటచ్చటికి ఒక్కొక్క వంటకమును పంపినట్లున్నది. ఒకే యింటిలో, ఒకే ఇల్లాలి చేతిమీదుగ, వేసవిలో నులివెచ్చనైన అన్నము చలికాలమున పొగలు గ్రక్కుచున్నది. సుఖము వస్తువులో లేదు, వేళలో నున్నదని రాయలు ఎక్కడను చెప్పలేదు; మూడు పద్యములను ప్రక్కప్రక్కన నుంచి ఊరకుండెను.

వరుగులను, వడియములను గూర్చి ఇంకొక మాట. అవి వానకాలపు విస్తరిలో నున్నవి, కాని వానకాలమున తయారగునవి కావు. ఎండలు కాయునప్పుడు కోసి, ఆరబెట్టి, దాచినవి. ఈ సంగతి ద్వితీయాశ్వాసమునకు త్రోవచూపును. మధురనేలు మత్స్యధ్వజుడు రాత్రివేళ భోగిని యింటికి పోవుచు, వీధియరుగుమీద పరున్న పరదేశి బ్రాహ్మణుడు చదివిన సుభాషితమును వినును. వానకాలపు నాలుగునెలలకై ఎనిమిది నెలలు, రాత్రికై పగటివేళ, వార్ధకమునకై వయసున, పరమునకై ఇహమున పాటుపడవలెనని దాని భావము. ఆ మాట రాజు మనస్సును త్రిప్పెను; కథయంతయు అందుండి సాగెను. మహారాజును విరాగిగ మార్చిన ఆ బోధ మొదటి యాశ్వాసమందే ఒక ఇల్లాలి ఇంట వరుగుల రూపమున సిద్ధముగ నున్నది. ఆమె ఏ సుభాషితమును వినలేదు. వంకాయలు కోసి ఎండబెట్టినది. రాయలు ఈ రెంటిని ఎరిగి జతపరచెనో లేదో వాదింపను. కావ్యము జతపరచినది, నాకది చాలును.

నాయకుని ఎన్నికలోనే ఈ దృష్టికి మూలమున్నదని నా యభిప్రాయము. విష్ణుచిత్తుడనగా పెరియాళ్వారు. ఆయన తిరుమొళిలో పాడిన కృష్ణుడు యుద్ధముచేయు కృష్ణుడు మాత్రమే కాడు. యశోద నీళ్లుపోయ పిలువగ రానివాడు. తల దువ్వుట, చెవులు కుట్టుట, పూలు ముడుచుట, చందమామను పిలుచుట, చప్పట్లు చరచుట, తప్పటడుగులు - తల్లికి దినమున పదిసార్లు దొరకు సంతోషములన్నియు ఆయన పాశురములకు విషయములైనవి. తరువాతి తమిళకవుల పిళ్లైత్తమిళ ప్రక్రియకు ఈ పాటలే బీజములు. ఆయన కూతురు గోదాదేవి ముప్పది పాశురముల తిరుప్పావైలో ఇంకొక మర్మము చూపినది. రెండవ పాశురమున వ్రతము పట్టిన కన్యలు నెయ్యి మానిరి, పాలు మానిరి, కాటుక మానిరి, పూలు మానిరి. ఇరువదియేడవ పాశురమున నగలు, క్రొత్తచీరలు, మోచేతివరకు నెయ్యికారు పాలయన్నము తిరిగివచ్చినవి. అందరును కూడి తినుట వచ్చినది. నేటికిని ధనుర్మాసమున ఆ ఇరువదియేడవ దినమును తమిళదేశమున కూడారవల్లి యని జరుపుకొందురు. మానినగాని నేతిరుచి తెలియదని ఆ తండ్రి యింట పెరిగిన పిల్లకు ఎవరును వేరుగ నేర్పనక్కరలేదు. రాయల చలికాలపు విస్తరిలో చేతికి చుఱ్ఱుమను నెయ్యి ఈ యింటి నెయ్యియే.

తెలుగు కవులలో భోజనప్రియునిగ పేరుపడినవాడు శ్రీనాథుడు. ఆయన పేర వ్యాపించిన చాటువులలో పల్నాటి జొన్నకూటిని ఎగతాళిచేసిన వున్నవి. కన్నడరాజ్యమున చల్లయు అంబలియు త్రాగవలసివచ్చినందుకు మొరపెట్టుకొన్న చాటువొకటి యున్నది. హాస్యమునకు అవి యెంతయు రుచ్యములు. కాని చూచినకన్ను ప్రవాసి కన్ను. తనకు అలవాటుకాని కూడు కూడు కాదనుకొన్న కన్ను. సుమారొక శతాబ్దమునకు పిమ్మట అదే కన్నడరాజ్యపు సింహాసనము మీదివాడు ఆ యంబలినే పలుచన చేసి, వేసవి యతిథికి అమృతముగ నందించెను. పరదేశమున బ్రతుకు మనకు ఈ రెండు చూపులును పరిచితములే. మన ముసలివారిలో ఇప్పటికిని శ్రీనాథులు కలరు.

చతుర్థాశ్వాసమందలి వర్షర్తువర్ణన ఈ విషయమున రాయల శక్తికి పరాకాష్ఠ. అందొక పద్యమున పల్లె రెడ్లు కనబడుదురు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో వేయించిన కూర, ఆరికయన్నము. పసులు పొలమునకు పోయినవి. దూడలు వచ్చి ఒడలు నాకుచున్నవి. మంచము దగ్గర మేకపెంటికల కుంపటి. జడివాన కురియుచుండగ రెడ్డి ఆ మంచమెక్కెను. విలువ కట్టినచో ఆ పద్యమున కాసు చేయు వస్తువు లేదు. ఆకులు చేలగట్లమీదివి, ఆరికలు మెట్టపంట, కుంపటికి మేకపెంటికలు. అయినను అట్లు మంచమెక్కిన వానికి లోకమంతటికిని తానే ప్రభువైనట్టుండెనని కవి చెప్పుచున్నాడు. ఈ ప్రభుత్వమను మాటను వేరొక కవి వాడినచో అలంకారమని సరిపెట్టుకొందుము. రాయచూరు కోటను పట్టినవాడు, గజపతిని గెలిచినవాడు వాడినాడు. ప్రభుత్వమన నేమో తెలిసినవాడు దానిని తెచ్చి నులకమంచము మీద పెట్టెను. ఇందు కొంత పరిహాసమున్నదని కొందరనవచ్చును. ఉండనిండు, ఆ పరిహాసము రెడ్డిమీద కాదు.

అయితే ఆ యాశ్వాసమందే మరియొక చిత్రమున్నది. ముసురులో నిప్పుకొరకు ఇల్లిల్లు తిరుగవలెను. తిరిగినను దొరకుట కష్టము. దొరికినను రాజదు. విసరి విసరి రాజబెట్టిన ఇల్లంతయు పొగ. ఆ పొగలో వంట కావలెను. బట్టలు నిప్పుసెగ లేనిదే ఆరవు. మంచముమీది రెడ్డి సుఖమును చెప్పిన కవియే పొయ్యి దగ్గరి యాతనను చెప్పెను. ప్రథమాశ్వాసమందలి కొబ్బరి బొరియల విలువ ఇప్పుడు తెలియుచున్నది. చిన్నసుఖమునకు వెల లేదని మనము తేలికగ అందుము. వెల ఎవరో చెల్లించుచునే యున్నారు. విష్ణుచిత్తుని పద్యమున ఆ చెల్లించునామెకు పేరు లేదు, కన్నులున్నవి. ఈ రెండు పద్యములను కలిపి చదువక విడివిడిగ మెచ్చుకొనువారు సగము కావ్యమును పోగొట్టుకొందురు.

సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఈ కావ్యమును విరివిగ వాడుకొనిరి. తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీ మొదటి పురస్కారము 1955లో ఆ గ్రంథమునకే వచ్చెను. రాజుల పేర్లకు మారుగ జనుల తిండి, బట్ట, ఆట, పాటలతో చరిత్ర వ్రాయవచ్చునని ఆయన నిరూపించెను. ఆ ఉపకారము మరువరానిది. కాని ఆయన త్రోవ పట్టిన తరువాతివారి చేతులలో ఈ పద్యములు సామానుల చిట్టాలైనవి. "రాయలకాలమున వడియములు కలవు, ఊరగాయలు కలవు" అని వ్రాసి పద్యమును మూసివేయుట పరిపాటియైనది. వడియము కలదని తెలిసికొనుటకు పద్యమేల? వానలో తడిసివచ్చిన వానికి వడియమును పెట్టుటలో పద్యమున్నది. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) రాయలనాటి రసికతను గూర్చి వ్రాసినప్పుడు ఆ కాలపు మనస్సును చూడబోయిరి, సామానులను కాదు. మన ప్రాంతమున తెలుగు చెప్పిన ఆ మహనీయుని త్రోవ మనకు దగ్గర.

ఈ కవికి లోపములు లేవా? కలవు. సమాసములను రాతికట్టడమువలె పేర్చి, వ్యాఖ్యలేనిదే లోపలికి పోనీయడు. వేదము వేంకటరాయశాస్త్రిగారి వ్యాఖ్య చేత లేనిచో నావంటివాడు చాలచోట్ల వాకిటనే నిలిచిపోవలసినదే. గ్రీష్మవర్ణనలో ఊహలు ఒకదానిమీద నొకటి ఎక్కి, ఎండ తగ్గి పాండిత్యమే కాయుచున్నది. కాని ఒక విశేషము గమనింపుడు. వస్తువు చిన్నదైనకొలది ఆయన మాట తెలుగగుచున్నది. పురవర్ణనలో కొండంత సమాసములు. కూరలు వచ్చుసరికి పొట్టిపొట్టి దేశ్యపదములు. ఈ నియమమునకు భంగముగ ఒక్క పద్యమున్నది; అది నాకు మిక్కిలి యిష్టము. విల్లిపుత్తూరి వరిచేల కాలువలో తలలు రెక్కలలో దూర్చి బాతులు నిద్రించుచున్నవి. తెల్లవారుజామున స్నానముచేసి పోయిన బ్రాహ్మణులు మరచిన తడిబట్టల ముద్దలనుకొని, వారిండ్లకు చేర్పదలచి, తలారులు రేవులోనికి దిగుదురు. బాతులు పరుగిడును. వరిచేల కావలియున్న పడుచులు నవ్వుదురు. అంతియే కథ. సంస్కృతసమాసములతో మెల్లగ కదలు ఆ పద్యము తుదినున్న నవ్వును చేరుసరికి తేలికపడును. తలారులకు పోయినది ఏమియు లేదు. పడుచులకు ఒక ఉదయము గడిచెను.

యామునాచార్యుని కథను రాయలు మూడు నాలుగు ఆశ్వాసములలో విపులముగ చెప్పెను. గురుపరంపరా గ్రంథములలో ఆ కథకొక ప్రసిద్ధమైన అంగము కలదు. రాజ్యభోగమున మునిగి గురువులకు దర్శన మీయని యామునుని యొద్దకు పోవుటకు శ్రీరామమిశ్రుడు, అనగా మణక్కాల్ నంబి, దినదినమును తూదువళై యను ముండ్లతీగ ఆకును రాజుగారి వంటశాలకు తెచ్చియిచ్చెను. కొన్ని మాసములు గడచెను. ఒకనాటినుండి తేవడము మానెను. కూర ఏమైనదని రాజు అడిగెను, తెచ్చువానిని పిలువుమనెను. తలుపులు తెరచుకొనెను. దగ్గునకు, పడిసెమునకు తమిళదేశమున నేటికిని చారుపెట్టు ఆ ఆకు ఒక మహాచార్యుని తిరిగి తెచ్చినది. ఆకు చేసిన పనికంటె ఆకు లేకపోవుట చేసిన పని పెద్దది. దినము తిన్నదానిని ఎవరు తెచ్చుచున్నారని అన్నాళ్లు అడుగని రాజు లేనినాడే అడిగెను. శ్రీరామమిశ్రునికి మనుష్యుల స్వభావము బాగుగ తెలియును.

ఈ కావ్యమును పాఠముచెప్పు విషయమున నాకొక బాధ యున్నది. అల్పసంఖ్యాక భాషాపాఠశాలలలో తెలుగుగంటలు తక్కువ. ఆ తక్కువలో కీర్తిపద్యములకే తావు దొరకుచున్నది. భాష గొప్పదని పదిసార్లు చెప్పుదుము. ఆ భాషలో ఏమున్నదో ఒకసారి పెట్టము. కొన్నేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో వానకాలపు పద్యమును పాఠ్యములో లేకున్నను చెప్పితిని. వరుగనగా నేమని అడిగితిని. తరగతియంతయు మౌనము. తుదకు సేద్యపుటింటి పిల్ల యొకతె, "సార్, మా అవ్వ వంకాయలు కోసి ఎండేస్తాది, దాన్ని మేము వత్తల్ అంటాము" అనెను. వస్తువు ఇంటనే యున్నది, రుచి నాలుకమీద నున్నది, మాట మాత్రము పోయినది. వత్తల్ అనుటలో దోషమేమియు లేదు. అది మంచి మాట, పొరుగు మాట. కాని వరుగు అను మాట ఆ పిల్లకు చేరినచో, ఐదువందల ఏండ్లనాటి ఆ విస్తరి తన అవ్వ విస్తరియే యని తెలియును. చేరనిచో ఆముక్తమాల్యద పరీక్షలో వ్రాయు పేరుగ నిలుచును.

మన తెలుగిండ్ల రుచులు ఎచ్చటికి పోయినవని అడుగువారికి ఒక సమాధానము కలదు: కొన్ని తమిళ సాహిత్యమునకు పోయినవి. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ (1923–2021) దక్షిణమునకు వలసవచ్చిన తెలుగువారి కథను తమిళమున వ్రాసి, గోపల్లపురత్తు మక్కళ్ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఆయన తమిళమునకు ఇచ్చినదానికి మనకు అసూయ అక్కరలేదు. మన సంఘములు ఆ నవలను, రాయల ప్రథమాశ్వాసమును ఒకే నెలలో చదివించినచో మంచిది. రెండును ఆ నేల కథలే.

నేడు శ్రీవిల్లిపుత్తూరికి పోవు యాత్రికునకు గుడివీధిలో పాలకోవా దొరకును; దానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఆండాళ్ ధరించిన మాల బ్రహ్మోత్సవములకు తిరుమలకు పోవుట నేటికిని జరుగుచున్నది. మాలను చూచినవారు, కోవా కొనినవారు విష్ణుచిత్తుని యింటి పద్యములలో తుదిదానిని కూడ ఒకపరి తలచుకొనవలెను. నడురేయి ఆ యింటి దగ్గర చెవియొగ్గినచో మూడు ధ్వనులు వినబడునట. శేషశాయి పుణ్యకథలు ఒకటి. ద్రావిడ దివ్యప్రబంధ పారాయణ మొకటి. మూడవది అతిథితో గృహస్థు చెప్పుకొను క్షమాపణ. కూరలు ఎక్కువ లేవు, వేడిగ లేదు, అప్పములు లేవు, అన్నము కూడ అంత బాగుగ లేదు, దయచేసి భుజింపుడని. వేదతుల్యమైన ప్రబంధముతో సమానముగ ఈ మాటలకు రాయలు చోటిచ్చెను. వేళగాని వేళ వచ్చినవానికి ఉన్నదానిని పెట్టుచు లేనిదానికి నొచ్చుకొనుట మన యిండ్లలో నేటికిని వినబడు ధ్వనియే. ఒక్క చిత్రము మాత్రము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. వంటకముల పేర్లన్నియు తెలుగున చెప్పిన కవి ఈ క్షమాపణను మాత్రము సంస్కృతమున నుంచెను. పాండిత్యప్రదర్శనమని కొందరందురు. నేనట్లనుకొనను. ఆ చీకటిలో వాకిట నిలిచిన బాటసారి ఏ దేశమువాడో, ఏ భాషవాడో విష్ణుచిత్తునికి ఇంకను తెలియదు.